పారిస్‌లో ఫ్రెంచి విప్లవం వాకింగ్ టూర్: ఐదుకి మూడున్నర

మొన్న ఎండాకాలంలో పారిస్‌లో ఫ్రెంచి విప్లవం మీద ఒక వాకింగ్ టూర్ చేశాం, దాని రివ్యూ ఇది. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే రూటులో ఇలాంటి టూర్లు నడిపేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, కాస్త అటూ ఇటూగా అందరూ ఇవే చోట్లు చూపిస్తారు, కాబట్టి మీరు ఎవరితో వెళ్లినా ఈ మాటలు పనికొస్తాయి. టూర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మూడు గంటలు, అంతా నడకే. ఓడియోన్ మెట్రో దగ్గర మొదలుపెట్టి, సేన్ నది దాటి, పలే రోయల్, తుయిలరీ తోట మీదుగా వెళ్లి ప్లాస్ ద లా కాంకోర్డ్ దగ్గర ముగిస్తారు. విప్లవంలో జనం మీదపడి పట్టుకున్న జైలు కోట బాస్టీల్ ఇందులో లేదు. బుక్ చేసేముందు చాలామంది ఇది చూసుకోరు, మా గ్రూపులోనే కొందరు నిరుత్సాహపడ్డారు. నిజానికి బాస్టీల్‌కు వెళ్లినా కోట కనపడదు, దాన్ని అప్పుడే పడగొట్టేశారు. రోడ్డు మీద రాళ్లతో గుర్తుపెట్టిన హద్దులు, మెట్రో ఐదో లైను ప్లాట్‌ఫారం పక్కన కొంచెం పునాది గోడ మిగిలాయి, అంతే. ఆ కూడలిలో ఉన్న పెద్ద స్తంభం కూడా 1789ది కాదు, 1830 జూలైలో వచ్చిన ఇంకో విప్లవానిది.

నాతో మా బాబాయి వచ్చారు. తూర్పు గోదావరిలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఫ్రెంచి విప్లవం పాఠం ఏళ్ల తరబడి చెప్పిన మనిషి, కారణాలు ఫలితాలు అన్నీ ఆయనకు నోటికొచ్చు. ఈ టూర్ నుంచి మేం కోరుకున్నది ఒక్కటే. ఈరోజు రాజకీయాలు మాట్లాడేటప్పుడు మనం వాడే ఆలోచనలు ఉన్నాయే, పౌరుడు, హక్కు, లెఫ్టు, రైటు, ప్రజల పేరుతో నడిచే ప్రభుత్వం, అత్యవసర అధికారాలు, ఇవన్నీ ఏ గదుల్లో ఏ గొడవ మధ్య పుట్టాయో ఆ చోట నిలబడి తెలుసుకోవాలని. తత్వవేత్తలు ముందే అన్నీ రాసిపెట్టారు, విప్లవం వచ్చి వాటిని అమలు చేసింది అన్నట్టు మనం చదువుకుంటాం. నేనైతే అలా అనుకోను. రాసిపెట్టినవి కొన్ని ఉన్న మాట నిజమే, కానీ చాలా భాగం రొట్టె ధర లోంచి, సైన్యం వస్తోందన్న భయం లోంచి, తెల్లారేలోగా ఏదో ఒకటి తేల్చాలన్న టెన్షన్ లోంచి పుట్టుకొచ్చాయి. టూర్ ఈ సంగతి చూపించిన చోట్ల చాలా బాగుంది. వదిలేసిన చోట్ల మాత్రం తలలు నరికిన కథలే మిగిలాయి.

మొదలు బాగుంది. మెట్రో మెట్లెక్కి బయటికి రాగానే విప్లవ నాయకుడు డాంటన్ విగ్రహం, చెయ్యి ముందుకు చాచి నిలబడి ఉంటాడు. ఆయన ఇల్లు అక్కడే ఉండేది, తర్వాత పెద్ద రోడ్డు వేయడానికి కూల్చేశారు. విగ్రహం దిమ్మె మీద ఆయన మాట ఒకటి చెక్కి ఉంది, రొట్టె తర్వాత ప్రజలకు మొదటి అవసరం చదువే అని. గైడమ్మాయి దాన్ని చదివి అర్థం చెప్పగానే బాబాయి సంచిలోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. ఆ అమ్మాయికి విషయం బాగా తెలుసు, గొంతు స్పష్టంగా ఉంది, అడిగితే విసుక్కోదు. గ్రూపు మాత్రం పెద్దది. చిన్న గ్రూపు అని రాసి పాతిక మంది దాకా కలిపేశారు, చెవిలో పెట్టుకునే రిసీవర్లు ఇవ్వలేదు. మూడున్నర ఇవ్వడానికి ఒక కారణం ఇది.

అక్కడి నుంచి రోడ్డు దాటితే కూర్ ద్యు కొమెర్స్ సెంతాంద్రే అని ఒక సన్న సందు. ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉంటాయి, హీల్స్ వేసుకుని వెళ్లకండి. ఎనిమిదో నంబరు ఇంట్లో విప్లవకారుడు మరాట్ నడిపిన పత్రిక ప్రజామిత్రుడు అచ్చయ్యేది. దాని ఎదురుగా 1686లో పెట్టిన ప్రొకోప్ కాఫీహౌస్ వెనకవైపు వస్తుంది, ఇప్పటికీ హోటలుగా నడుస్తోంది. ఈ సందులో గైడ్ చెప్పింది చాలా నచ్చింది నాకు. 1789 దాకా పత్రిక అచ్చు వేయాలంటే రాజుగారి అనుమతి ఉండాలి, ఆ ఏడు ఆ కట్టుబాటు తెగిపోయింది, ఉన్నట్టుండి పారిస్‌లో పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. చదవడం రానివాళ్లకు కాఫీహౌసుల్లో, వీధి మలుపుల్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపించేవాళ్లు. ప్రజాభిప్రాయం అనే మాటకు ఇక్కడ ఒంట్లోకి ప్రాణం వచ్చింది. అంతకుముందు రాజుకు సలహా ఇచ్చేవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు అసెంబ్లీలో కూర్చున్నవాళ్లు కూడా రేపు పొద్దున వీధిలో ఏం చదువుతారో అని ఆలోచించి మాట్లాడాల్సి వచ్చింది. మరాట్ రాతల్లో విషం ఎంత ఉందో కూడా గైడ్ దాచలేదు, ఫలానా వాళ్ల తలలు తీస్తే గాని దేశం బాగుపడదని పత్రికలో రాసిన మనిషి ఆయన. పత్రికా స్వేచ్ఛ, పత్రికతో జనాన్ని ఉసిగొల్పడం, రెండూ ఒకే సందులో, ఒకే ప్రెస్సులో మొదలయ్యాయి.

అదే సందులో తల నరికే యంత్రం గిలటిన్‌ను మొదట గొర్రెల మీద పరీక్షించారని ఒక కథ ప్రచారంలో ఉంది. దాని దగ్గర చాలాసేపు ఆపేశారు. జనం ఫొటోలు తీసుకోవడం, నవ్వుకోవడం. నాకు బాధ కలిగింది ఇక్కడే, ఎందుకంటే చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేదు. పాత రోజుల్లో చావులో కూడా కులీనుడికి ఒక పద్ధతి, మామూలు మనిషికి ఇంకో పద్ధతి ఉండేది. కులీనుడికి కత్తితో తల తీసేవాళ్లు, పేదవాడిని ఉరితీసేవాళ్లు, లేదంటే చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టేవాళ్లు. గిలటిన్ అనే డాక్టరు, ఆయన అసెంబ్లీ సభ్యుడు కూడా, 1789లో లేచి ఒకే నేరానికి అందరికీ ఒకే శిక్ష ఉండాలన్నాడు. యంత్రం గీసింది ఆయన కాదు, ఆంత్వాన్ లూయీ అనే ఇంకో వైద్యుడు, తయారుచేసింది టోబియాస్ ష్మిట్ అని సంగీత వాద్యాలు చేసే జర్మన్ పనివాడు. 1792 ఏప్రిల్ 25న మొదటిసారి వాడారు. చట్టం ముందు అందరూ సమానం అన్న మాట మొదట ఎంత భయంకరమైన రూపంలో వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. గొర్రెల కథ తగ్గించి ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది.

కోర్దెలియే మఠం భోజనశాల ఇంకా నిలబడి ఉంది, మెడికల్ కాలేజీ వీధిలో, పొడుగ్గా రాతి భవనం. మఠంలో కూర్చున్న క్లబ్బులో చందా చాలా తక్కువ, అందుకని చిన్న పనివాళ్లు కూడా చేరగలిగారు, ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. నది అవతల జాకోబిన్లు అనే ఇంకో విప్లవ బృందం క్లబ్బులో చందా ఎక్కువ. పార్టీ అనే మాట అప్పటికి తిట్టుతో సమానం, అయినా పార్టీ పనులన్నీ ఈ క్లబ్బులే చేశాయి, ఊరూరా శాఖలు, ఉత్తరాలు, తీర్మానాలు. ఇక్కడ ఐదు నిమిషాలే ఆగాం, చాలు.

పలే రోయల్ గురించి కూడా త్వరగా చెప్పేస్తాను. అది ఓర్లియాన్ ప్రభువు సొంత ఆస్తి, పోలీసులకు లోపలికి వచ్చే వీల్లేదు, అందుకే కాఫీహౌసుల్లో జనం నోటికొచ్చింది మాట్లాడుకునేవాళ్లు. 1789 జూలై 12న, ఆర్థికమంత్రి నెకర్‌ను రాజు తీసేశాడన్న కబురు రాగానే కామిల్ దెమూలెన్ అనే కుర్ర లాయరు బల్లెక్కి, ఆయుధాలు పట్టండి అని అరిచాడు. చెట్ల ఆకులు తెంపి టోపీలకు పెట్టుకున్నారు, తీరా చూస్తే ఆకుపచ్చ రాజుగారి తమ్ముడి రంగు అని తెలిసి మార్చేశారు. రెండు రోజులకు బాస్టీల్ పడింది. గైడ్ ఇది చాలా చక్కగా, నిజంగానే బెంచీ ఎక్కి చెప్పింది. పిల్లలు ఉంటే వాళ్లకు బాగా నచ్చే చోటు ఇదే.

ఇక అసలు విషయం. రూ ద రివోలిలో, తుయిలరీ తోట ఇనప కంచెకు ఉన్న ఒక రాతి స్తంభం మీద ఒక ఫలకం ఉంది. ఎదురుగా వరండాల కింద షాపులు, జనం ఫలకాన్ని చూడకుండానే దాటిపోతూ ఉంటారు. దాని మీద రాసింది ఏమిటంటే, ఈ రోడ్డు వేయకముందు ఇక్కడ మనేజ్ అనే గుర్రపుస్వారీ శాల ఉండేదని, 1789 నవంబరు నుంచి 1793 మే దాకా మూడు అసెంబ్లీలు వరుసగా ఇక్కడే కూర్చున్నాయని, 1792 సెప్టెంబరు 21న గణతంత్రం ఇక్కడే ఏర్పడిందని. మొత్తం టూర్‌లో నాకు ఒళ్లు జలదరించిన చోటు ఇదొక్కటే. వాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో కూడా గైడ్ సరిగ్గా చెప్పింది. అక్టోబరు 5న పారిస్ మార్కెట్ల ఆడవాళ్లు రొట్టె కోసం వానలో తడుస్తూ రాజు ఉండే వెర్సాయ్ దాకా నడిచి, మర్నాడు రాజును వెంటబెట్టుకొచ్చారు. రాజు వెనకే అసెంబ్లీ. ప్రభుత్వం ఎక్కడుండాలో తేల్చింది ఆకలితో ఉన్న ఆడవాళ్లు.

లెఫ్టు, రైటు అన్నవి కూడా ఈ రోజుల్లోనే స్థిరపడ్డాయి. 1789 సెప్టెంబరులో వెర్సాయ్‌లో రాజుకు వీటో ఉండాలా వద్దా అని వాదన జరిగినప్పుడు ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడి కుడివైపు చేరారు, వద్దన్నవాళ్లు ఎడమవైపు. మనేజ్‌కు వచ్చాక కూడా అలాగే కూర్చున్నారు. సన్నగా పొడుగ్గా ఉన్న హాలు, మాట సరిగ్గా వినపడదు, గొంతు పెద్దదైతేనే నెగ్గుకొచ్చేది, పైన గ్యాలరీలో జనం అరుపులు. ఇవాళ హైదరాబాద్ టీవీ చర్చల్లో కూడా లెఫ్ట్ పార్టీలు అని అలవోకగా అనేస్తాం. దాని మూలం, రాజుకు చట్టాన్ని ఆపే అధికారం ఇవ్వాలా అన్న ఒకే ఒక్క ప్రశ్న. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ముందు తేలింది, సిద్ధాంతాలు తర్వాత వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నాయి.

గైడ్ ఇక్కడ హక్కుల ప్రకటన గురించి చెప్పింది, 1789 ఆగస్టు 26, 17 అధికరణలు, మనుషులు స్వేచ్ఛగా, హక్కుల్లో సమానంగా పుడతారు అని. నేను ఇంకొంచెం ఆశించాను. ఆ ప్రకటనకు మూడు వారాల ముందు, ఆగస్టు 4 రాత్రి, ప్రభువులు లేచి తమ ప్రత్యేక హక్కులు తామే వదులుకున్నారు. పెద్ద మనసుతో అని అనుకుంటే పొరపాటు. పల్లెల్లో రైతులు దివాణాల మీద పడి శిస్తు దస్తావేజులు తగలబెడుతున్నారు, ఆ మంటలు చల్లార్చడానికి అది తప్పలేదు. వదులుకున్నవాటిలో కూడా చాలావాటికి రైతు డబ్బు కట్టి విడిపించుకోవాలని మెలిక పెట్టారు, ఆ మెలిక పూర్తిగా పోయింది 1793 జూలైలో. బాబాయి ఇదంతా పక్కనున్న ఒక బెంగళూరు జంటకు చెబుతూ నడిచారు, వాళ్లు గైడ్‌ను వదిలేసి ఈయన మాటలే విన్నారు.

అందరూ సమానం అని రాసుకున్న అదే సభ, కొద్ది నెలల్లోనే మూడు రోజుల కూలీ అంత పన్ను కట్టే మగవాడికే ఓటు అంది. పాతికేళ్లు నిండాలి, ఒకరింట్లో నౌకరీ చేసేవాడికి లేదు. సభ్యుడిగా పోటీ చేయాలంటే పన్ను ఇంకా ఎక్కువ కట్టాలి, ఈ లెక్కన తత్వవేత్త రూసో బతికుంటే ఆయనకూ అర్హత ఉండేది కాదని దెమూలెన్ రాశాడు. సభ్యుడైన రోబెస్పియర్ ఈ నిబంధనను గట్టిగా వ్యతిరేకించాడు. రోబెస్పియర్ పేరు చెప్పగానే తలలు తీయించినవాడు అని మాత్రమే గుర్తుపెట్టుకుంటాం, పేదవాడి ఓటు కోసం వాదించిన గొంతు కూడా అదే. ఈ సంగతి టూర్‌లో లేదు.

ఇప్పుడు పెద్ద ఫిర్యాదు. ఫలకం దాటి తోటలోకి వెళ్తే, లూవ్ర్ వైపు ఒకప్పుడు తుయిలరీ రాజప్రాసాదం ఉండేది. 1871లో కాలిపోయింది, తర్వాత గోడలు కూడా తీసేశారు, ఇప్పుడు ఖాళీ స్థలం. 1793 మే నుంచి కన్వెన్షన్, అంటే ఆ మూడు అసెంబ్లీల్లో చివరిది, ఆ భవనంలోనే కూర్చుంది. మేం అక్కడ ఆగకుండా నడిచి వెళ్లిపోయాం. ఆ చోట 1794 ఫిబ్రవరి 4న, ఫ్రెంచి వలసలన్నిటిలో బానిసత్వం రద్దు చేశారు. దానికి ముందు రోజు సాన్ దొమాంగ్ నుంచి, అంటే ఇప్పటి హైతీ నుంచి, ముగ్గురు సభ్యులు వచ్చి సభలో కూర్చున్నారు. ఒకాయన నల్లవాడు, ఒకాయన మిశ్రమ సంతతి, మూడో ఆయన తెల్లవాడు. ఆ నల్లాయన పేరు జాన్ బప్తిస్త్ బెలె, ఆఫ్రికాలో పుట్టి బానిసగా బతికి విడుదలైన మనిషి. పారిస్ వాళ్లకు జ్ఞానోదయం అయి ఆ తీర్మానం చేశారని నేను నమ్మను. 1791 ఆగస్టులో అక్కడి బానిసలు తిరగబడ్డారు, దాదాపు ఐదు లక్షల మంది బానిసలున్న వలస అది, చెరకు తోటలు తగలబడ్డాయి, ఇంగ్లిష్, స్పానిష్ సైన్యాలు దిగాయి, అక్కడున్న ఫ్రెంచి కమిషనర్లు 1793లోనే బానిసలను విడుదల చేయక తప్పలేదు. పారిస్ దాన్ని ఒప్పుకుంది, అందరికీ విస్తరించింది. మనిషి హక్కులు అన్న మాటలో మనిషి అంటే ఎవరు అన్నది తేల్చినవాళ్లు చెరకు తోటల్లో పనిచేసిన జనం. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు, హైతీ పోరాడి 1804 జనవరి 1న స్వతంత్ర దేశమైంది.

ఇంకో సంగతి. ఫిబ్రవరి 4 తర్వాతి రోజు, 5న, అదే సభలో రోబెస్పియర్ లేచి, విప్లవంలో ఉన్న ప్రభుత్వానికి నీతి ఎంత అవసరమో భయం కూడా అంతే అవసరం అని ప్రసంగించాడు. ఈ రెండు రోజులు పక్కపక్కన పెట్టి చూడండి. నిన్న ప్రపంచంలో అత్యంత అణగారిన మనిషి పౌరుడయ్యాడు, ఇవాళ ప్రజల మేలు కోసం చట్టాన్ని పక్కన పెట్టొచ్చు అన్న వాదన సిద్ధాంతంగా మారింది. ఆ రెండో వాదన తర్వాత ఎన్ని దేశాల్లో, ఎన్ని అత్యవసర పరిస్థితుల్లో మళ్లీ వినపడిందో మనకు తెలుసు, మన దేశం 1975లో చూసింది. ఈ ఒక్క చోట పది నిమిషాలు ఆగి ఈ రెండు తేదీలు చెబితే మనిషి తన కాలాన్ని తానే అర్థం చేసుకుంటాడు. అలాంటి చోటును దాటేసి ఐస్‌క్రీమ్ బండి దగ్గర బ్రేక్ ఇచ్చారు.

బ్రేక్‌లో బాబాయి గైడ్‌ను అడిగారు, "అమ్మా, ఆ రోజుల్లో యానాం కూడా మీ వాళ్ల చేతిలోనే ఉంది కదా, దాని సంగతి ఎవరైనా అడుగుతారా?" అని. ఆ అమ్మాయి యానాం పేరు విననేలేదు, నిజాయితీగా ఆ మాటే చెప్పి, మీరే చెప్పండి సార్ అంది. కాకినాడకు దగ్గర్లో గోదావరి పాయ ఒడ్డున ఉన్న తెలుగు ఊరని, 1954 దాకా ఫ్రెంచి వాళ్ల కిందే ఉందని, 1871 తర్వాత ఫ్రెంచి ఇండియా తరఫున పారిస్ పార్లమెంటుకు ఒక సభ్యుడు ఎన్నికయ్యేవాడని ఆయన చెప్పారు. చుట్టుపక్కల ఊళ్లు బ్రిటిష్ వాళ్ల కింద ఉంటే, ఆ చిన్న ఊరు మాత్రం పారిస్ సభకు ఓటేసింది. గ్రూపంతా నిశ్శబ్దంగా విన్నారు, ఆ అమ్మాయి ఫోన్‌లో మ్యాప్ తీసి ఊరు ఎక్కడుందో చూసుకుంది. గైడ్‌కు ఒక స్టార్ నేను ఎక్కువ ఇచ్చింది ఈ తీరుకే.

చివరి మజిలీ కాంకోర్డ్. 16వ లూయీని 1793 జనవరి 21న ఇక్కడే చంపారు, ఇప్పుడు మధ్యలో ఈజిప్టు స్తంభం ఉంది. ఎండలో చాలాసేపు నిలబెట్టి ఎవరెవరి తల ఎలా తెగిందో చెప్పారు. థామస్ పెయిన్ అనే ఇంగ్లిష్ ఆయన, అమెరికా స్వాతంత్ర్యం కోసం రాసినవాడు, ఫ్రెంచి రాకపోయినా కన్వెన్షన్‌కు ఎన్నికై, రాజును చంపొద్దని వాదించి, తర్వాత తనే జైలుకు వెళ్లిన సంగతి చెప్పలేదు. ఒలింప్ దె గూజ్ గురించి ఒక్క ముక్క. 1791లో ఆవిడ స్త్రీ హక్కుల ప్రకటన రాసింది, ఉరికంబం ఎక్కే హక్కు ఆడదానికి ఉన్నప్పుడు వేదికెక్కి మాట్లాడే హక్కు కూడా ఉండాలి అంది. 1793 నవంబరు 3న ఆవిడను గిలటిన్ ఎక్కించారు. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లు మొదటిసారి ఓటేసింది 1945లో. ఈ కాంకోర్డ్‌లో రాజు గురించి కంటే ఆవిడ గురించే ఎక్కువ చెప్పాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే 1789 హక్కుల ప్రకటన ఎవరిని బయట నిలబెట్టిందో అప్పటికప్పుడే పసిగట్టి రాసిన మనిషి ఆవిడ.

ఇక్కడే గైడ్, మీ ఇండియా రాజ్యాంగంలోని స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం కూడా ఇక్కడి నుంచి వెళ్లినవే అంది. ఈ మాట మన పుస్తకాల్లో కూడా ఉంటుంది. అంబేద్కర్ 1954లో ఆకాశవాణి ప్రసంగంలో, ఈ మూడింటినీ తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నానని స్పష్టంగా చెప్పారు. టూర్‌కు వెళ్లే తెలుగువాళ్లు ఇది తెలుసుకుని వెళ్తే మంచిది, గైడ్లు మామూలుగా ఈ మాట అంటారు, మర్యాదగా చెబితే వింటారు కూడా.

బుక్ చేసుకునేవాళ్లకు కొన్ని మాటలు. మధ్యాహ్నం స్లాట్ వద్దు, కాంకోర్డ్‌లో నీడ ఉండదు, పొద్దున స్లాట్ తీసుకోండి. పెద్దవాళ్లు ఉంటే తోటలో కుర్చీలు ఖాళీగా దొరుకుతాయి, అక్కడ కూర్చోబెట్టండి. రూ ద రివోలిలో ట్రాఫిక్ మోత ఎక్కువ, గైడ్ పక్కనే నిలబడితే గాని వినపడదు. బుక్ చేసేటప్పుడే రిసీవర్లు ఇస్తారా అని అడగండి, తుయిలరీలో 1794 గురించి చెప్పమని కూడా ముందే మెసేజ్ పెట్టండి, కొంతమంది గైడ్లు దానికి తగ్గట్టు ప్లాన్ మార్చుకుంటారు.

ఇంకొకటి, టూర్ మొదలయ్యే టైముకు అరగంట ముందే ఓడియోన్ చేరి, సెనేట్ భవనం ఎదురుగా రూ ద వోజిరార్‌లో 36వ నంబరు దగ్గరికి వెళ్లండి. వరండా కింద గోడలో పాలరాతి పలక ఒకటి పొదిగి ఉంటుంది, మీటరు పొడుగు, 1796, 97 ప్రాంతంలో పెట్టింది. అంతకుముందు ఊరికో కొలత, ధాన్యం శిస్తు కట్టేటప్పుడు ప్రభువుగారి కుంచం ఎప్పుడూ పెద్దదే అని రైతులు మొరపెట్టుకునేవాళ్లు, అందుకని అందరికీ ఒకటే కొలత తెచ్చి, జనం వచ్చి తమ కర్రను సరిచూసుకోవడానికి పారిస్‌లో ఇలాంటి పలకలు 16 పెట్టారు. మొదట పెట్టిన చోటనే మిగిలింది ఇదొక్కటే. టికెట్టు లేదు, క్యూ లేదు, టూర్ వాళ్లు చూపించరు. బాబాయి అరచెయ్యి జానతో కొలిచి చూసుకున్నారు, మీరూ చూసుకోవచ్చు, ఎవరూ ఏమనరు.